వినోద గొంతు తగ్గించిన వారం

మా మనవరాలు వినోదను కాలేజీ వాళ్లు రింగ్ రోడ్డులోని చీరల దుకాణానికి శిక్షణకు పంపారు. ఫోన్‌లో ఆర్డర్లు తీసుకోవాలి. పని నచ్చితే చదువయ్యాక ఉద్యోగం అక్కడే ఇస్తారు. నాకూ అదే కావాలి. వాళ్ల నాన్న, అంటే నా కొడుకు, మిల్లు పని వెతుక్కుంటూ భివండీ పోయాడు, నా కూతురు పెళ్లయి షోలాపూర్ పోయింది. ఇంకెవరినీ రైలెక్కించే ధైర్యం నాకు లేదు.

రెండో రోజే అక్కడి మేడమ్, "అరవకుండా మాట్లాడు. ఈ వారంలో మారకపోతే వేరే అమ్మాయిని పెట్టుకుంటాం" అందట.

మా గది కిందే మరమగ్గాలు. మా ఇంట్లో ఉప్పు అడగాలన్నా అరవాల్సిందే.

అందుకని ఇద్దరం సాధన మొదలుపెట్టాం. నేను చీర కొనే గిరాకీని.

"చెప్పండి మేడమ్, ఏ రంగు చీర కావాలి?"

"జర మెల్లగ, పిల్లా! కింద మగ్గాల సేటు చీర పట్టుకొని పైకొస్తడు!"

మగ్గాల మోతకు చెవులు పోయిన మా ఆయన హడలిపోయాడు. "ఏందే గుసగుసలు? ఎవలన్న సచ్చిండ్రా?"

శనివారం వినోద నా చెవిలో మెల్లగా చెప్పింది. "ఉండమన్నరు బాపమ్మా!"

సోమవారం పొద్దున చూస్తే వినోద లేదు, చెప్పులూ లేవు. కిటికీకి పరుగెత్తాను.

"చెప్పకుంట పోతవానే!"

"చెప్పిన గదనే! నీకే ఇనబడలే!" గల్లీలోంచి నవ్వింది.

"మేడమ్‌కు మెల్లగ చెప్పు. నాకు మాత్రం ఒర్రి చెప్పు!"

వినోద నోటికి చేతులు అడ్డం పెట్టుకుంది. "బాపమ్మా! పొయ్యొస్తా!"

ఎదురింటి గుజరాతీ ఆవిడ నాకంటే ముందే "ఆవ్‌జో!" అని, పోయి రమ్మన్నట్టు చేయి ఊపింది.