సెక్రటరీగారి బ్యాంకు

ధర్మారావు, ఛాయాదేవి అమెరికాలో, బెంటన్‌విల్‌లో ఉన్న కూతురు రాగిణి ఇంటికి వచ్చి నెల తిరగకముందే ఇండియాలో వాళ్ల ఊళ్లో కల్పవల్లి సహకార బ్యాంకు మూతపడింది. 2002 చలికాలం మొదలవుతున్న రోజులవి. అల్లుడు రవికాంత్ ఆఫీస్‌కి బయల్దేరబోతూ కంప్యూటర్‌లో తెలుగు పేపరు చూస్తున్నవాడల్లా ఆగి, "మామయ్యగారూ, ఇది మీ బ్యాంకేనా?" అని అడిగాడు.

ధర్మారావు కళ్లజోడు తెచ్చుకుని చదివాడు. డిపాజిట్‌దార్లు ఎవరైనా సరే, వెయ్యి రూపాయలకు మించి తీసుకోవడానికి వీల్లేదట. మెయిన్ బ్రాంచి తలుపులకు తాళం, ముందు పోలీసులు, వాళ్ల ముందు జనం. ఫోటోలో ఒకరి మొహమైనా గుర్తుపట్టగలనేమోనని తెరకు దగ్గరగా వంగి చూశాడు. అన్నీ మసకగా ఉన్నాయి.

కాగితాల మీద అది కల్పవల్లి గానీ, ఊళ్లో అందరూ దాన్ని సెక్రటరీగారి బ్యాంకనే అనేవారు. ముప్పై ఏళ్ల పైమాట, నూనె మిల్లు వెనక గదిలో అరువు బల్ల ఒకటి వేసుకుని మొదలుపెట్టారు. తమలపాకులమ్మేవాళ్లకీ, దర్జీలకీ, చిల్లుగిన్నెలకు మాట్లు వేసేవాళ్లకీ పెద్ద బ్యాంకు గుమ్మం ఎక్కే ధైర్యం ఉండేది కాదు. వడ్డీవ్యాపారుల దగ్గర పొద్దున అప్పు తెచ్చుకుని సాయంత్రానికి వడ్డీతో కట్టేవారు. ధర్మారావు సహకార శాఖలో గుమాస్తా పని మానుకుని, సైకిలు మీద వీధులన్నీ తిరిగి, తలా పది రూపాయల వాటా కొనిపించి, దానికి సెక్రటరీ అయ్యాడు. మొదటి ఏడాది లాభం పంచితే మనిషికి అర్ధరూపాయి వచ్చింది. దర్జీ భార్య ఒకావిడ ఆ అర్ధరూపాయికి పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టుకుంది. తర్వాత సొంత భవనం వచ్చింది. పక్క ఊళ్లలో శాఖలు వచ్చాయి. ఆడపిల్ల పెళ్లయినా, కొట్టు పెట్టాలన్నా, పొలం అమ్మిన డబ్బు దాచుకోవాలన్నా జనం అక్కడికే వచ్చేవారు.

ఆయన రిటైరయ్యాక వచ్చిన ఛైర్మన్ తన బంధువుల రియల్ ఎస్టేట్ కంపెనీలకు సరైన హామీ లేకుండా అప్పులిచ్చాడు. ఆ మాట చెవినపడి ధర్మారావు ఒకసారి వెళ్లి అడిగితే, కాఫీ ఇచ్చి, ఇక మీరు విశ్రాంతి తీసుకోండని పంపేశారు.

వెంటనే ఇండియా వెళ్లిపోతానన్నాడు ధర్మారావు. రాగిణికి అప్పుడు ఏడో నెల. బీపీ ఎక్కువగా ఉందని డాక్టరు మంచం దిగొద్దన్నారు. తండ్రి మాట విని ఆమె పక్కకు తిరిగి ఏడ్చింది. ఊళ్లో పాత డైరెక్టరొకరి ఇంటి మీద రాళ్లు వేశారని అప్పటికే తెలిసింది.

"వెళ్లి ఏం చేస్తారు?" అంది ఛాయాదేవి. "తాళాలు మీ దగ్గర లేవు, కుర్చీ మీది కాదు. దానికేమన్నా అయితే నేనొక్కదాన్నీ ఈ ఊళ్లో ఎవర్ని పిలవను?"

ఆమె అన్నదాంట్లో తప్పు పట్టడానికేమీ దొరకలేదు. ఆయన ఉండిపోయాడు.

ఆ బ్యాంకులో క్యాషియర్‌గా చేసిన నళిని ఇంట్లో ఫోనుంది. ఇండియాకి మాట్లాడడానికి రవికాంత్ కాలింగ్ కార్డులు కొని తెచ్చాడు. ఇక్కడ పొద్దున కాఫీ వేళకి అక్కడ దీపాలు పెట్టే వేళ. సెక్రటరీగారు ఫోన్ చేస్తున్నారని తెలిసి జనం నళిని ఇంటికి రావడం మొదలుపెట్టారు. ఒకరి తర్వాత ఒకరు రిసీవరు అందుకునేవారు. అందరూ అడిగేది ఒకటే, మన డబ్బు వస్తుందా అని. ఆయన తనకు తెలిసిన అధికారులకు ఫోన్లు చేశాడు. కొందరు ఎత్తలేదు, ఎత్తినవాళ్లు ఇది తమ చేతుల్లో లేదన్నారు.

ఒకరోజు రంగయ్య మాట్లాడాడు. ఇత్తడి సామాన్ల కొట్టతను. ఇంటిస్థలం అమ్మిన డబ్బు బీరువాలో పెట్టుకుంటానంటే, వాళ్ల అరుగు మీద కూర్చుని నచ్చజెప్పి బ్యాంకులో వేయించింది ధర్మారావే.

"మా ఆడదానికి ఆపరేషన్ చెయ్యాలన్నారండి. మీరొక్క మాట చెప్తే ఇస్తారు గదండీ," అన్నాడు రంగయ్య.

"నా మాట ఇప్పుడు చెల్లదు రంగయ్యా."

"తమరు కట్టిన బ్యాంకు కదండీ."

ధర్మారావు రిటైర్మెంట్ డబ్బు కూడా అందులోనే ఉంది. సిగ్గు విడిచి అల్లుణ్ణి అడిగాడు. రవికాంత్ వెంటనే డబ్బు పంపించాడు. ఆపరేషన్ జరిగింది. కానీ సంగతి పొక్కింది. వారం తిరిగేసరికి ఫోన్ దగ్గర పదిమంది. కాలేజీ ఫీజు ఒకరిది, డయాలసిస్ ఒకరిది, పెళ్లి ముహూర్తం ఇంకొకరిది. అల్లుడు కాంట్రాక్టు ఉద్యోగి, రేపో మాపో పురుడు. మళ్లీ అడగడానికి ధర్మారావుకు నోరు రాలేదు. లేదని ఒక్కొక్కరికీ చెప్పాడు.

ఆ తర్వాత గొంతులు మారాయి. అన్నీ ముందే తెలిసి తన డబ్బు తీసుకుని అమెరికా చెక్కేశాడని ఊళ్లో అనుకుంటున్నారు. నాదీ అందులోనే ఉందయ్యా అంటే అవతల ఎవరో నవ్వారు. చివరికి నళిని తానే రిసీవరు తీసుకుంది.

"సార్, ఇంక ఫోన్ చెయ్యొద్దండి. నా దగ్గరేదో కబురుందని పొద్దస్తమానం వస్తున్నారు. మా అత్తగారు ఊరుకోవడం లేదు. మీరు తప్పుగా అనుకోకండి."

అనుకోనని చెప్పి పెట్టేశాడు. మర్నాడు పొద్దున అలవాటుగా కార్డు తీసి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఛాయాదేవి కాఫీ అక్కడ పెట్టి వెళ్లింది. అది చల్లారిపోయింది.

జనవరిలో రాగిణికి ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా క్షేమం. మార్చిలో కల్పవల్లి లైసెన్సు రద్దయింది. ఒక్కొక్కరికి లక్ష దాకా ఇన్సూరెన్స్ డబ్బు వస్తుందన్నారు, ఎప్పుడని మాత్రం ఎవరూ చెప్పలేదు. రంగయ్యకు అందులో ఉన్నది అంతకు మూడింతలు.

ఒక శనివారం పాప పేరున అకౌంట్ తెరవడానికి రవికాంత్ మామగారిని కూడా కార్‌లో తీసుకెళ్లాడు. అది మామూలు బ్యాంకు కాదు, సభ్యులే వాటాలు వేసుకుని నడుపుకునే క్రెడిట్ యూనియన్. గోడ మీద ఒక నోటీసుంది. ఏప్రిల్‌లో సభ్యుల వార్షిక సమావేశం, బోర్డు ఎన్నిక. ధర్మారావు దాన్ని నిలబడి చివరిదాకా చదివాడు. ఎవరు పెట్టారిది అని అడిగితే, కౌంటర్‌లోని పెద్దావిడ సంబరంగా చెప్పింది. కోళ్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు కొందరు కలిసి తలా ఐదు డాలర్లు వేసుకున్నారట, ఆవిడ నాన్న కూడా అందులో ఒకడట.

"మా మామగారు కూడా ఇండియాలో ఇలాంటిదే పెట్టారు," అన్నాడు రవికాంత్.

ఆవిడ ముఖం వికసించింది. ఇప్పుడెలా నడుస్తోందని ధర్మారావునే అడిగింది.

ఆయనకు ఇంగ్లీషు వచ్చు. అయినా మళ్లీ గోడ మీది నోటీసు వైపు తిరిగాడు. రవికాంత్ మామగారి వైపు చూసి, గబుక్కున, "చాలా పెద్దదైంది, ఎన్నో బ్రాంచీలున్నాయి," అనేశాడు.

కాదని చెప్పడానికి ధర్మారావు నోరు తెరిచాడు. ఈలోపే ఆవిడ కౌంటర్ మీదుగా చేయి చాచి, అభినందనలు చెప్పింది. ఆయన చేయి కలపక తప్పలేదు.