ఏడో జత మోచేతులు

పొద్దున్నే షెడ్డు తలుపు తీయగానే మేస్త్రి ధ్యాస టీ మీదికీ, ఆయన చెల్లెలి ధ్యాస పలకల మీదికీ పోతుంది. ముందురోజు పోసిన కాంక్రీటు మీద కప్పిన గోనెపట్టాలు ఆరాయేమో చెయ్యి పెట్టి చూసి, ఆరితే మగ్గుతో నీళ్ళు చల్లుతుంది. పచ్చి కాంక్రీటు పసిబిడ్డ లాంటిది, దాహం వేస్తే నోరు తెరిచి అడగదు, పగిలి చూపిస్తుంది అంటుందామె. ఇద్దరూ కలిసి ఆఫీసులకి కాంక్రీటు బల్లలు చేస్తారు. టేపు కొస పట్టుకుని నేల దాకా వంగేది చెల్లెలు, నిలబడి అంకె చదివేది అన్న. చదివిన మరుక్షణం మర్చిపోయేదీ ఆయనే. గుర్తుంచుకునే పని చెల్లెలిది కాబట్టి ఆమెకి కొలతమ్మ అని పేరు పడిపోయింది.

వాళ్ళు పోసిన బల్లలకి ఒక గుణం ఉంది. అచ్చు విప్పేసరికి, ఆ బల్ల ముందు ఎవరు కూర్చోబోతారో వాళ్ళ మోచేతులు ఆనే చోట రెండేసి లోతులేని గుంటలు పడి ఉంటాయి. కొన్నవాళ్ళు ఆ గుంటలు చూసే కుర్చీలు సర్దుకుంటారు. ఒకసారి ఒక బల్లకి మోచేతుల పక్కన బుగ్గ ఆనించుకునే గుంట కూడా పడింది. ఆ ఉద్యోగి చేరకముందే యజమానికి సంగతి అర్థమైంది.

ఈసారి పని ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసుది. ఆరుగురికి మూడు పలకలు. ప్రతి పలకకీ ఒక కొసన వైర్లు దిగడానికి కంత ఉండాలి.

కాంక్రీటు బల్లని తలకిందులుగా పోస్తారు. అచ్చు అడుగున ఉన్నదే తరవాత పైముఖం అవుతుంది. అందుకని పటంలో కుడివైపు ఉన్న కంతని అచ్చులో ఎడమవైపు పెట్టడం మేస్త్రికి వెన్నతో పెట్టిన విద్య. ఆయన చెక్క బిగించబోతుంటే కొలతమ్మ ఆఫీసువాళ్ళు గీసిచ్చిన పటం లాక్కుంది.

"అన్నయ్యా, ఆగు. దీన్ని ముందే తిప్పి గీశారు."

"ఏడిశావులే. గీసినాయన చదువుకున్నవాడే."

"చదువుకున్నవాడు కాబట్టే మన పని కూడా ఆయనే చేసిపెట్టాడు. మనం తలకిందులుగా పోస్తామని ఎవరో చెప్పుంటారు. టేపు పట్టుకున్న రోజు ఆ గదిలో కిటికీ ఎటుంది? గుమ్మంలో నిలబడితే కుడివైపు. ఇందులో చూడు, ఎడమవైపు. నువ్వు కూడా తిప్పావంటే కంత ప్లగ్గుకి ఆ చివర పడుతుంది."

మేస్త్రి గడ్డం గోక్కుని పటాన్ని వెలుగుకి పట్టుకుని వెనకనుంచి చూశాడు. "నిజమేనే!" అన్నాడు. మర్చిపోతాడని ఆమె అచ్చు చెక్క మీద పెన్సిలుతో 'తిప్పొద్దు' అని రాసింది.

కొలతమ్మకి పటాలంటే ప్రాణం. మధ్యాహ్నం తిండి అయ్యాక ఖాళీ సిమెంటు సంచులు చింపి, లోపలి కాగితం మీద ఎవరివీ కాని ఇళ్ళు గీస్తుంది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చూపించలేదు.

వారం తరవాత అచ్చులు విప్పారు. మొదటి రెండు పలకల మీదా రెండేసి జతలు. మూడోదాన్ని తిరగేస్తే మూడు జతలున్నాయి. కిటికీ వైపు కొసన పడ్డ ఆ మూడో జతలో కుడి గుంట మామూలుగానే ఉంది. ఎడమది మాత్రం ఏటవాలుగా పొడుగ్గా ఉంది, మోచెయ్యి పూర్తిగా మడవలేనివాళ్ళు ముంజేతిని ఆనించినట్టు.

కొలతమ్మ చిన్నప్పుడు ఇసక కుప్ప మీంచి దూకి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకుంది. అప్పటినుంచీ అది సగమే వంగుతుంది. గుంటని వేలితో తడిమి చూసింది. పుట్టిన ఆశ వెనకే భయమూ పుట్టింది.

మేస్త్రి ఆఫీసు మేడమ్‌కి ఫోన్ చేశాడు.

"మేం ఆరుగురమే మేస్త్రిగారూ. ఏడో మనిషి లేరు. పూడ్చెయ్యండి," అందామె.

అలా పూడ్చడం కొత్త కాదు. ఇంతకుముందు ఒకచోట ఒక జత పూడిస్తే, ఆ కుర్చీలో చేరతానన్న మనిషి మళ్ళీ కనబడలేదు.

మేస్త్రి తాపీ చెల్లెలికిచ్చి సరుకు కోసం బయటికెళ్ళాడు. ఆమె సిమెంటు ముద్ద కలిపింది. పలక పక్కన కూర్చుంది. ముద్ద గట్టిపడటం మొదలైంది. లేచి వెళ్ళి, ఎన్నాళ్ళుగానో పగిలి ఉన్న షెడ్డు గడపకి ఆ ముద్దంతా మెత్తి, చక్కగా నునుపు చేసింది.

మేస్త్రి వచ్చి గడప దాటాడు. "ఇది బాగుపడింది. మరి బల్ల?"

"చేతులు రాలేదన్నయ్యా."

ఆయన గుంటల్ని చూశాడు, చెల్లెలి చేతిని చూశాడు. మతిమరుపు మనిషే గానీ గుడ్డివాడు కాదు. పలక మీద పట్టా తనే కప్పాడు.

ఆఫీసులో బల్లలు దించిన రోజు కంతలు సరిగ్గా ప్లగ్గుల పక్కకే వచ్చాయి. పటం గీసినాయన నాలిక కరుచుకున్నాడు. "అయ్యో, నేను ముందే తిప్పి గీశానే! మీరు మళ్ళీ తిప్పలేదా?"

"మా చెల్లెలు తిప్పనివ్వలేదండీ."

మేడమ్ చూపు మూడో పలక మీద ఆగింది. "ఇవి పూడ్చమన్నాను కదా?"

"మర్చిపోయానండీ," అన్నాడు మేస్త్రి, నేల చూస్తూ.

"ఆయన మర్చిపోలేదండీ. నేనే పూడ్చలేదు," అంది కొలతమ్మ. "అవి నావి."

సిమెంటు బకెట్టు బోర్లించి కూర్చుని చేతులు ఆనించింది. కుడిది కుదిరింది. వంకర ఎడమ చెయ్యి కూడా తన చోట్లో హాయిగా పడుకుంది.

మేడమ్ ఒక ఇంటి ప్లాను తెచ్చి ఆమె ముందు పరిచింది. కొలతమ్మ కాసేపు చూసి, "ఈ మెట్ల కింద తలుపు సగమే తెరుచుకుంటుందండీ," అంది. పటం గీసినాయన మళ్ళీ నాలిక కరుచుకున్నాడు.

"బకెట్టు మీద ఎన్నాళ్ళు కూర్చుంటారు?" అంది మేడమ్. "కుర్చీ చెప్పాలి. కూర్చుంటే మీ మోచెయ్యి నేలనుంచి ఎంత ఎత్తుంటుంది?"

ఊళ్ళో సగం ఆఫీసుల కొలతలు నోటికొచ్చిన మనిషికి తన కొలత తెలియదు. సిగ్గుపడి జేబులోంచి టేపు తీసింది. మేస్త్రి గబగబా వచ్చి, మోకాళ్ళు పటపటమంటుండగా నేల దాకా వంగి కొస పట్టుకున్నాడు.

అంకె ఆమె చదివింది.