మూల చింపని ఉత్తరం

ఆ రోజు ఇంట్లో నలుగురే ఉన్నారు. నులకమంచం మీద నాగులమ్మ అవ్వ, చాటలో వేరుశనక్కాయలు ఒలుస్తూ అమ్మ తాయమ్మ, ఆమె పక్కన వదిన తిరుమలమ్మ, గడప దగ్గర ఇంగ్లీషు నోటుబుక్కుతో పంకజాక్షి. నాయన బండి కట్టుకుని రేణిగుంట పోయినాడు. అన్న ధనంజయ పటాళంలో చేరి, బర్మా సరిహద్దుకు పోయి ఏడాదిన్నర.

టపా మనిషి ఉత్తరం ఇచ్చిపోగానే వదిన దాన్ని తిప్పి తిప్పి నాలుగు మూలలూ చూసింది. చావు కబురైతే ఒక మూల చింపి పంపడం ఆనవాయితీ. అన్ని మూలలూ చక్కగా ఉన్నాయి.

"అంతా మంచిదే. సదువు పంకజా," అంది.

పటాళం దొర ఇంగ్లీషులో టైపు కొట్టించిన ఉత్తరం అది. పంకజాక్షి కూడబలుక్కుని చదివింది. హీ వాజ్ క్రాసింగ్ ఎ రివర్... కిందటి వారమే దొరస్వామి అయ్యవారు చెప్పిన పాఠం. వాజ్ పెట్టి, క్రియ చివర ఇంగ్ తగిలిస్తే, అప్పట్లో జరుగుతూ ఉండిన పని. దాని నడుమ ఇంకేదైనా వచ్చి పడితే, ఆ వచ్చిపడినదానికి ముందు వెన్ అని రాయాలి. అమ్మ దోసెలు పోస్తూ ఉండింది, అప్పుడు వాన వచ్చింది. అయ్యవారు నల్లబల్ల మీద రాసిన వాక్యం అదే.

"అన్న ఏరు దాటతా ఉండినాడంట," అంది సంబరంగా.

వదిన పకపకా నవ్వింది. "సొర్ణముఖిలో మోకాల్లోతుకే నా చెయ్యి పట్టుకునే మనిషి, ఆడ ఏరు దాటతా ఉండినాడా?"

అవ్వ కూడా బోసినోటితో నవ్వింది. అప్పటికి పంకజాక్షి కళ్లు వెన్ దాటి ముందుకు పోయాయి. బాంబు అన్న మాట, ఆ తరవాత కిల్డ్ అన్న మాట. రెండూ ఆమెకు తెలిసినవే. ఇంకా ఏమి రాసినారని అమ్మ అడిగితే, దొర అన్నను మెచ్చుకున్నాడని మాత్రం చెప్పగలిగింది.

మంచి కబురు చదివిన నోరు తీపి చెయ్యాలని వదిన బెల్లంముక్క తెచ్చి పెట్టింది. అది నాలుక మీద కరుగుతూ ఉండింది. పంకజాక్షి కళ్లలో నీళ్లు చూసి వదిన చెయ్యి ఆమె గడ్డం దగ్గరే ఆగిపోయింది.

"ఏరు దాటినాడా?"

పంకజాక్షి తల అడ్డంగా ఊపింది. అమ్మ ఒడిలోని చాట జారి, వేరుశనక్కాయలు నేలంతా చెదిరాయి.

వదిన ఉత్తరం అందుకుని, చదవను రాని ఆ అక్షరాలను కాసేపు చూసింది.

"నన్నెందుకు నవ్వనిస్తివి?" అని లోపలి గదిలోకి పోయింది. వెనకాలే పోయిన పంకజాక్షి ముఖం మీదే తలుపు మూసి గడియ పెట్టింది.