ఎముక ఎదుగుతంది

సీతమ్మధార క్లినిక్‌లో ఎక్స్‌రేలు తీసే జ్యోతిర్మయి, కబడ్డీ కోచ్ మోహన్‌ను గుమ్మంలోనే గుర్తుపట్టింది. అతను ఆమెను గుర్తుపట్టలేదు. కుంటుతున్న కూతురు యశస్వినిని నడిపించుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టాడు. పిల్ల మోకాలికి క్రేప్ బ్యాండేజీ చుట్టి, పిన్ను పెట్టకుండా కొసను లోపలికి దోపి ఉంది. ఆ కట్టు జ్యోతిర్మయికి తెలుసు. ఒకప్పుడు తన మోకాలికీ ఆ చేతులే అలా కట్టాయి.

“బేగి తియ్యమ్మా. సాయంత్రం అచ్యుతాపురంలో ఫైనల్,” అన్నాడు మోహన్. “దీనికేటీ అవలేదు. వాళ్లమ్మ గోల పడలేక తెచ్చాను.”

“ఎలా తగిలింది?”

“నిన్న పడిపోయానక్కా,” అంది యశస్విని. “ఎముక ఎదుగుతందంట, అందుకే నొప్పంట. నాన్న సెప్పాడు.”

జ్యోతిర్మయి చేయి ఆగింది. అదే మాట. చిన్నప్పుడు తనకు మోకాలు నొప్పెడితే ఆ మాటే చెప్పి కబడ్డీ కోర్టులోకి తోశాడు. తర్వాత ఆమె ఎడమకాలు మామూలుగా పొడుగైంది. కుడికాలు అక్కడే ఆగిపోయింది. అందుకే ఇప్పుడు కుడి బూటుకు అంత మందపాటి అడుగు.

తెర మీద బొమ్మ తేలింది. పిల్లల ఎముక పొడుగయ్యేది దాని చివరనున్న మెత్తటి పొర దగ్గర. ఆ పొర ఒకవైపు కొత్తగా ఊరుతూ ఉంటే, పాతది గట్టిపడి ఎముకలో కలుస్తుంది. యశస్విని తొడ ఎముక కింది కొసన, నల్లటి గీతలా కనిపించే ఆ పొర ఒక పక్క విచ్చుకుంది. ఇంకో దెబ్బ తగిలితే అక్కడ ఎముక వయసుకు ముందే అతుక్కుపోవచ్చు. ఇక ఆ కాలు ఎదగదు.

“ఎముక విరగలేదు కదా? ఆ ముక్క సెప్పు సాలు. డాక్టరొచ్చేదాకా ఆగలేం,” అన్నాడు మోహన్.

లేదు అంటే చాలు, పిల్ల సాయంత్రం ఆడేస్తుంది. ఏళ్లుగా ఊహించుకున్న ఏ శిక్షా ఇంత సులువుగా లేదు. కూతురి కుంటి అడుగు అతని ఇంట్లో బతికినన్నాళ్లూ వినిపిస్తుంది. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది.

కానీ ఆ కుంటి ఎందుకు వచ్చిందో అతనికి ఎప్పటికీ తెలియదు. ఖర్మ అనుకుంటాడు. ఆమెకు అది చాలలేదు.

వంగి బూట్లు విప్పింది. పిల్ల ఎదుట ఒట్టి కాళ్లతో నిలబడింది. నడుము ఒక పక్కకు ఒరిగింది.

“సూడమ్మా. నీ వయసులో నాకూ ఎముక ఎదుగుతందనే సెప్పారు. మీ నాన్నే. నాను ఆడాను. ఆయనకి కప్పు దొరికింది.”

మోహన్ మొహం పాలిపోయింది. “నువ్వు... సిలకమ్మ కూతురివా?”

“ఇప్పుడు గుర్తొచ్చిందేటి సార్?”

నేలకు అందని ఆమె కుడి మడమనే చూస్తోంది యశస్విని. “నిజమేనా నాన్నా?”



“డాక్టరుగారికి ఫోన్ చేత్తాను,” అంది జ్యోతిర్మయి. “అంతదాకా కాలు కింద పెట్టకు.”

మోహన్ కూతురి దగ్గరకు జరిగాడు. ఆ పిల్ల తన మోకాలిని రెండు చేతులా కప్పుకుంది. “నువ్వు ముట్టుకోకు.”

జ్యోతిర్మయి డాక్టరుకు ఫోన్ చేసింది. ఆ తర్వాత స్టూలు మీద కూర్చుని, అతని ఎదుటే, తాపీగా కుడి బూటు లేసు కట్టుకుంది.