బోర్డోలో గోడలు కడిగినవాడు

అదెలినో పొద్దున ఏడింటికల్లా గోడ దగ్గరుండేవాడు. తోటి పనివాడు కద్దూర్ లారీలోంచి ఇనప గొట్టాలు దించి పరంజా బిగిస్తుంటే, అతను వీధికి అవతలి వైపు నిలబడి, ఫ్లాస్కులోని కాఫీ తాగుతూ, ఆ గోడ మీద ఎవరెవరున్నారో చూసుకునేవాడు. తర్వాత తలుపు కొట్టి, "గోడ కడగడానికొచ్చామమ్మా, మీవాళ్లెవరైనా ఉంటే చూసుకోండి," అనేవాడు. ఆరేళ్లుగా అదే పని, అదే మాట.

ఆ రోజుల్లో బోర్డోలో గోడలన్నీ నల్లగా ఉండేవి. రాయి అసలు రంగు వెన్న రంగే. కానీ రెండొందల ఏళ్ల ఓడల పొగ, బొగ్గు పొయ్యిల పొగ, ఆపైన మోటార్ల పొగ పట్టేసి, ఊరు ఊరంతా మాడిన రొట్టెలా తయారైంది. ఆ మసిలోనే మనుషుల నీడలు ఇంకిపోయేవి. ఏళ్ల తరబడి ఒకేచోట కూర్చున్నవాళ్లవి, ఒకేచోట నిలబడ్డవాళ్లవి. రోజూ గుమ్మంలో కూర్చుని బఠాణీలు వలిచిన ముసలావిడ, పోయిన పదేళ్లకి కూడా ఆ గుమ్మం పక్కన మసిలో కూర్చుని వలుస్తూనే ఉండేది. పోస్టుమాన్ ఉత్తరాలు పడేసి, ఆవిడకో నమస్కారం పెట్టి వెళ్లేవాడు. కుక్కలు ఆ గోడల దగ్గర కాలెత్తేవి కావు.

తర్వాత ఊరిని తెల్లగా చెయ్యాలన్నారు. రేవులో పాత గోదాములు పడగొట్టి గరోన్ నది అందరికీ కనపడేలా చేస్తామన్నారు, ట్రామ్ వేస్తామన్నారు. ఎవరి గోడ వాళ్లు కడిగించుకోవాలని ఇంటింటికీ నోటీసులొచ్చాయి. సన్నటి రాతిపొడి కలిపిన నీళ్లు గొట్టంతో కొడితే మసి ఊడేది. నీడలు నల్లనీళ్లయి కాలవలో పడి, నదిలో కలిసేవి. సముద్రం పోటు మీదున్నప్పుడు గరోన్ వెనక్కి పారుతుంది గదా, కొన్ని నీడలు మధ్యాహ్నానికి రాతివంతెన దాకా తిరిగొచ్చి, స్తంభాలు పట్టుకుని కాసేపు ఆగి, మళ్లీ వెళ్లిపోయేవి.

చచ్చిపోయినవాళ్ల సంగతి సరే. బతికున్నవాళ్ల నీడ గోడలో ఉంటే మాత్రం, వాళ్లని పిలిచి తీరాలి. వాళ్లొచ్చి గోడకి వీపు ఆనించి ఓ పావుగంట నిలబడితే, నీడ ఒంట్లోకి వచ్చేసేది. అప్పుడు కడగొచ్చు. మొదటి ఏడు ఒక రొట్టెల దుకాణం ముసలాయన ఆసుపత్రిలో ఉండగా, ఎవరో తొందరపడి అతని గోడ కడిగేశారు. ఆయన ఇంటికొచ్చి, సొంత దుకాణం ముందు నుంచే నడిచి వెళ్లిపోయాడు. పెళ్లాం పిలిస్తే, "ఎవరమ్మా మీరు?" అన్నాడు. అప్పట్నించీ పనివాళ్లందరూ జాగ్రత్తగానే ఉండేవాళ్లు.

షార్త్రోన్ పేటలో వైన్ వ్యాపారుల పెద్ద ఇళ్లు కడిగినప్పుడు అదెలినో ఈ ఊరిని పొరపొరగా చూశాడు. పై పొరలో సైకిళ్లు పట్టుకున్న గుమాస్తాలు. దాని కింద పీపాలు దొర్లించే కూలీలు. ఇంకా కింద పొడుగు టోపీల దళారులు. అన్నిటికన్నా అడుగున, రాయిని అంటుకుని, ఒక నల్లజాతి పిల్ల, యజమానికి గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. ఆ పిల్లని ఓడలో తెచ్చినవాళ్ల వంశంవాడు కిటికీలోంచి చూసి, "ముందు దాన్ని కడగవయ్యా, మధ్యాహ్నం అతిథులొస్తారు," అన్నాడు. అదెలినో కడిగాడు. ఆ రోజు కద్దూర్ అన్నం ముట్టలేదు.

అదెలినో ఈ పనిలో చేరింది జీతం కోసం కాదు. అతని తండ్రి ఎర్మీనియో అరవై నాలుగులో, పోర్చుగల్ ఉత్తరపు కొండల్లోని తమ ఊరి నుంచి, కాగితాలేవీ లేకుండా నడిచి సరిహద్దు దాటాడు. అప్పుడు అదెలినోకి తొమ్మిదేళ్లు. బోర్డో రేవులో పని దొరికిందని మూడు ఉత్తరాలొచ్చాయి. తర్వాత లేవు. తల్లి దెయొలిండా ఊళ్లో బడి పంతులమ్మ చేత రాయించి రాయించి, జవాబు లేక, మూడేళ్లకి నల్లబట్టలు కట్టింది. ఎనభై ఏడులో పోయేదాకా ఆ నల్లబట్టలు విప్పలేదు. అదెలినో పెద్దవాడై తండ్రి పేరు పట్టుకుని రేవంతా తిరిగాడు. ఎవరూ ఎరగమన్నారు. గోడలు కడుగుతారని తెలిశాక, ఈ ఊళ్లో ఆయన ఏదో ఒక గోడకి ఆనుకునే ఉంటాడు గదా అనుకుని చేరాడు.

గుర్తు పట్టడానికి ఒకటే ఆనవాలు. ఆయన రొట్టెని బల్ల మీద పెట్టి కోసేవాడు కాదు. రై ధాన్యంతో చేసిన పెద్ద రొట్టెని గుండెకి అదుముకుని, చాకుని తనవైపుకి లాక్కుంటూ కోసేవాడు. ఫ్రెంచి వాళ్లెవరూ అలా కొయ్యరు.

తొంభై తొమ్మిది ఏప్రిల్లో, సేన్ మిషెల్ చర్చి గోపురం వెనక సందులో, మూడంతస్తుల పాత ఇంటికి పరంజా కట్టారు. అదెలినో ఎప్పట్లాగే కాఫీ పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. గోడ మీద ముగ్గురున్నారు. మెట్టు మీద ఒక మగమనిషి. పక్కనే కప్పు పట్టుకున్న ఒక ఆడమనిషి. వాళ్ల మధ్య నాలుగేళ్ల పాప. మగమనిషి తల వంచుకుని, రొట్టెని గుండెకి అదుముకుని కోస్తున్నాడు.

అదెలినో చేతిలో కాఫీ చొక్కా మీద ఒలికింది. అతనికి తెలియలేదు.

"ఏమైందిరా?" అన్నాడు పైనుంచి కద్దూర్.

అదెలినో వీధి దాటి గోడ దగ్గరికి వెళ్లాడు. అప్పుడు ఆ నీడ చాకు ఆపింది. తలెత్తి అతన్నే చూసింది. కోసిన ముక్కని చాకు మొన మీద పెట్టి అతనివైపు చాచింది.

తలుపులో ఏదో నేల మీద పడ్డ చప్పుడైంది. అరవై ఐదు దాటిన ఒకావిడ, కూర్చోవడానికి తెచ్చుకున్న కుర్చీ కింద పడేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఆవిడ పేరు రేమోండ్. వైన్ సీసాలకి చీటీలు అంటించే కార్ఖానాలో ముప్ఫై ఏళ్లు పనిచేసింది.

"ఇరవై ఏడేళ్లుగా ఆయన ఎవరివైపూ తలెత్తలేదు," అంది. "నేను పిలిచీ పిలిచీ విసిగిపోయాను. ఎవరబ్బాయ్ నువ్వు?"

"ఆయన పేరేంటి?"

"అందరూ అర్మాన్ అనేవాళ్లు."

"అసలు పేరు?"

ఆవిడ కుర్చీ ఎత్తి నిలబెట్టి, దాని వీపు పట్టుకుంది. "ఎర్మీనియో," అంది. "నువ్వు అదెలినోవి కదూ? కొండ మీంచి పడి గడ్డం పగలగొట్టుకున్నావట చిన్నప్పుడు. ఆ మచ్చ ఇంకా ఉంది."

అదెలినో గడ్డం తడుముకోలేదు. "ఎప్పుడు పోయాడు?"

"డెబ్బై రెండులో. రేవులో క్రేను తాడు తెగి పీపాలు మీద పడ్డాయి. అప్పటికి మా జోసియాన్‌కి నాలుగేళ్లు."

అదెలినో లెక్క వేసుకున్నాడు. తల్లి నల్లబట్టలు కట్టేనాటికి ఆయన ఈ మెట్టు మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. ఇంకో అయిదేళ్లు తిన్నాడు.

"మా అమ్మ ఉత్తరాలు రాసింది," అన్నాడు.

"వచ్చాయి నాయనా."

"మరి?"

రేమోండ్ గోడ మీది మనిషి వైపు చూడకుండా చెప్పింది. "ఆయనకి చదువు రాదని నీకు తెలుసు. రాసిపెట్టే స్నేహితుడు పారిస్ వెళ్లిపోయాడు. మీ నాన్న మా పై అంతస్తు గదిలో అద్దెకుండేవాడు. ఉత్తరాలు నా చేతికే వచ్చేవి. ఏమైనా వచ్చిందా అని రోజూ అడిగేవాడు. రాలేదని చెప్పేదాన్ని. మూడేళ్లు చెప్పాను. నాకప్పటికి ముప్ఫై దాటాయి, నన్నెవరూ అడగలేదు ఏదీ, ఆయనొక్కడే సాయంత్రం ఇంటికొచ్చి ఈవేళ ఎలా ఉన్నావని అడిగేవాడు. పెళ్లాం మర్చిపోయిందనుకుని ఒక శీతాకాలమంతా ఏడ్చాడు. ఒకసారి బయల్దేరాడు కూడా. సరిహద్దులో పట్టుకుంటారు, జైల్లో వేస్తారు అని నేనే ఆపాను. పట్టుకునేవాళ్లే, అది అబద్ధం కాదు."

"మిగతాదంతా అబద్ధమేగా."

"మిగతాదంతా అబద్ధమే." ఆవిడ తలెత్తింది. "ఉత్తరాలు పారెయ్యలేదు. పదకొండున్నాయి, ఒక్కటీ విప్పలేదు. మా అమ్మాయికి కూడా తెలీని చోట దాచాను. తెచ్చిస్తానుండు. నిన్ను తల్చుకుని ఆయన ఏమేం చెప్పేవాడో అవి కూడా చెప్తాను, కాఫీ పెడతాను, లోపలికి రా. తిట్టాలంటే తిట్టు. ఆ తర్వాత నా నీడ నేను తీసుకుంటాను, ఆయన్ని కడుగుదువుగాని. నీ చేత్తోనే కడగడం న్యాయం."

ఆవిడ మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి లోపలికి వెళ్లింది. చెక్కమెట్లు కిర్రుమంటూ ఒక్కో అంతస్తూ పైకి వినిపించాయి.

అదెలినో గోడ ముందు నిలబడ్డాడు. కప్పు పట్టుకున్న ఆడమనిషి నీడలో ముప్ఫై దాటిన వయసుంది. నవ్వుతోంది. రోజూ ఈ పక్కన కూర్చుని, ఉత్తరం రాలేదని చెప్పి, నవ్వుకుంటూ కాఫీ తాగింది. ఊళ్లో బడి పంతులమ్మ ముందు ముడుచుకుని కూర్చుని "రాయమ్మా, ఇంకొకటి రాయి" అని బతిమాలే తల్లి గుర్తొచ్చింది. అతను లారీ దగ్గరికి వెళ్లి మోటారు వేశాడు. గొట్టం తెచ్చి, ఆ కప్పు మీద పెట్టాడు. కప్పు పోయింది, చెయ్యి పోయింది, ఆ నవ్వు పోయింది. రెండు నిమిషాలు పట్టలేదు. నల్లనీళ్లు అతని బూట్ల మీంచి కాలవలోకి పారాయి.

"ఒరేయ్!" కద్దూర్ పరంజా మీంచి దూకినంత పనిచేశాడు. "ఆవిడ్ని పిలవలేదు! బతికున్న మనిషిరా! ఆపు!"

అతను ఆపేసరికి గోడ మీద వెన్న రంగు రాయి ఆడమనిషి ఆకారంలో బయటపడి ఉంది. పక్కన మగమనిషి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ రొట్టె కొయ్యలేదు. ముఖం గోడ లోపలివైపుకి తిప్పుకున్నాడు.

మెట్లు మళ్లీ కిర్రుమన్నాయి. ఈసారి దిగుతూ, ఆగుతూ. రేమోండ్ గుమ్మంలోకి వచ్చింది. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. ఒక చేతికి బూజు అంటుకుని ఉంది.

"ఏం కావాలి బాబూ?" అంది మర్యాదగా.

"ఉత్తరాలు," అన్నాడు అదెలినో.

"పోస్టాఫీసు ఆ మూల తిరిగితే ఉంటుంది." ఆవిడ అతని గడ్డం వంక, తర్వాత గోడ వంక చూసింది. "ఎవరండీ ఆ మనిషి? అలా అటు తిరిగి కూర్చున్నాడేం?"

కద్దూర్ అతని చేతిలోంచి గొట్టం లాక్కున్నాడు. "ఏం చేశావురా నువ్వు," అన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరూ కలిసి పనిచెయ్యలేదు. కద్దూర్ ఎవరికీ చెప్పలేదు, అంతవరకే.

రెండింటికి జోసియాన్ వచ్చింది. బడి వంటశాలలో పని, ఏప్రన్ మీదే వచ్చింది. గోడకి వీపు ఆనించి, నాలుగేళ్లప్పటి నీడని తీసుకుని, కళ్లు తుడుచుకుంది. తల్లి నీడ అప్పటికే తీసేసుకుందనుకుంది. రెండు రోజులు గడిచాక గానీ తల్లికి తేడా చేసిందని అర్థం కాలేదు. వయసు మీద పడిందని డాక్టరు చెప్పాడు. జోసియాన్ నమ్మింది. తల్లి కూతుర్ని మాత్రం గుర్తు పట్టేది. ఆ ఇంటినీ, ఆ వీధినీ, ఆ మనిషినీ, ఆ సంవత్సరాలన్నిటినీ గుర్తు పట్టేది కాదు.

తండ్రిని అలాగే వదిలేద్దామని అదెలినో చూశాడు. తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు పదిహేను రోజుల గడువిచ్చాడు. "వేరేవాళ్లు వద్దండీ, మీరే కడగండి," అంది జోసియాన్. "మీరాయన్ని ఇన్నాళ్లు ఉంచారు. చాలామంది ఉంచరు." ఆ మాట వింటూ అదెలినో గొట్టం పట్టుకున్నాడు. నీడ చివరిదాకా అతనివైపు తిరగలేదు. జోసియాన్ వంటశాల కిటికీల్లో పెంచిన రెండు పువ్వులు తెచ్చి కాలవలో వేసింది.

ఆదివారాలు అతను ఆ ఇంటికి వెళ్లసాగాడు. కిటికీ రెక్కలు బిగించాడు, అల్మరాలు జరిపి సరిచేశాడు, నేల చెక్కలు ఎత్తి మళ్లీ కొట్టాడు. అటక మీద, పొయ్యి గూట్లో, గోడ పగుళ్లలో వెతికాడు. రేమోండ్ పక్కన కూర్చుని, "అమ్మా, ఎర్మీనియో తన కొడుకు గురించి ఏమనేవాడు?" అని మెల్లగా అడిగేవాడు. "ఎవరు నాయనా? నువ్వు తిన్నావా?" అనేది ఆవిడ.

"మా నాన్నది కూడా మీ వైపేనండీ," అంది ఒకసారి జోసియాన్, బీన్స్ తుంచుతూ. "నాకేం గుర్తులేదు. అమ్మే చెప్పేది అన్నీ, ఇప్పుడు చెప్పడం లేదు. ఎర్మీనియో పచెకో అని. మీరెప్పుడైనా విన్నారా?"

అదెలినో ఆమె చేతుల వంక చూశాడు. ఆయన తనకీ తండ్రేనని చెప్పాలంటే ఏప్రిల్ సంగతి చెప్పాలి. ఏప్రిల్ సంగతి చెప్తే ఈ తలుపు ఇక తెరుచుకోదు. ఆమె బీన్స్ తుంచడం ఆపి, జవాబు కోసం చూస్తోంది.

"వినలేదు," అన్నాడు.

ట్రామ్ దారి ఆ గోపురం పక్కనుంచే వెళ్తుందని ఖాయమయ్యాక, ఇంటి యజమాని ఇల్లు ఖాళీ చేయించాడు. లోపల గోడలన్నీ కొట్టేసి కొత్తగా కడతాడట. పారిస్ నుంచి కొనేవాళ్లొచ్చి, వెన్న రంగు గోడ ముందు నిలబడి ఫొటోలు తీసుకున్నారు. తల్లీకూతుళ్లకి నది అవతలి ఒడ్డున, తొమ్మిదో అంతస్తులో రెండు గదులు దొరికాయి. అదెలినో లారీ తెచ్చాడు. ప్రతి పెట్టె తనే మోశాడు, ప్రతి పెట్టె మూతా ఒకసారి ఎత్తి చూశాడు. ఉత్తరాలు లేవు. వారం తర్వాత పాత ఇంటిని కొడుతున్నారని తెలిసి వెళ్లేసరికి, ఇటుకలూ చెక్కలూ కలిపి మట్టి లారీల్లో అప్పటికే పోయాయి.

సామాను చేర్చిన రోజు, కొత్త గదిలో రేమోండ్ కిటికీ దగ్గర కూర్చుని, దూరంగా తెల్లగా మెరుస్తున్న ఊరిని చూసి, "ఎంత బాగుందో, ఎక్కడిదమ్మా ఈ ఊరు?" అంది. జోసియాన్ గుమ్మంలో నిలబడి, ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ అదెలినోతో అంది:

"మాకెవరూ లేరండీ. సొంత అన్నయ్య ఉన్నా ఇంత చేసేవాడు కాదు."

అదెలినో తల ఊపాడు. కింద లారీలో ఇంకా రెండు కుర్చీలున్నాయని చెప్పి, మెట్లు దిగాడు.