హరనాథ్ పదమూడు మంది

ఇరవై ఏళ్లుగా హరనాథ్‌కూ నాకూ ఒకటే పోట్లాట. అరవైల్లో ఇద్దరం ఇంగ్లండ్‌లో కుర్ర డాక్టర్లం. నేను విగాన్‌లో, వాడు పక్క ఊరు సెయింట్ హెలెన్స్‌లో. శనివారాలు తోచక రగ్బీ లీగ్ ఆటలకు వెళ్లి, ఎవరి ఊరి పిచ్చి వాళ్లం తగిలించుకున్నాం. అమెరికాలో ఫ్రీమాంట్ వచ్చాక కూడా అది వదల్లేదు. ఏటా అక్టోబరులో ఒక ఆదివారం నేను చర్చి నుంచి రాగానే మా ఇంట్లో భోజనం. తింటూ, అన్ని కాలాలకూ కలిపి పదమూడు మంది మేటి ఆటగాళ్ల జట్టు ఎవరిది వాళ్లం కడతాం. గొడవంతా వింగ్ దగ్గరే, అంటే మైదానం అంచున పరుగెత్తేవాడి చోటు దగ్గర. నాకు మా విగాన్ బిల్లీ బాస్టన్. వాడికి సెయింట్ హెలెన్స్ వాన్ వాలెన్‌హోవెన్. దీని మీద ఒకసారి ఆర్నెల్లు మాటల్లేవు.

ఎనభై ఆరులో నేనే కెలికాను. "ఈ కాలపు హాన్లీని ఎక్కడ పెడతావురా?"

"పాతవాళ్ల ముందు వీడెంత? వింగ్‌లో బాస్టన్ ఉండగా ఇంకొకడెందుకు?" అన్నాడు హరనాథ్.

"మొత్తానికి గెలిచారు" అని నా భార్య లూసీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వేళాకోళమేమోనని వాడి ముఖం చూశాను. కాదు.

"మరి వాన్ వాలెన్‌హోవెన్?"

వాడు భార్య వైపు చూశాడు. "సెయింట్ హెలెన్స్‌లో ఆడేవాడు కదండీ, మీకిష్టం" అని శారద వెంటనే అందించింది. రోజూ చేసే పనిలా అందించింది.

నాకు భయం పట్టుకుంది. మర్నాడు పొద్దున ఆరేళ్ల పిల్లకు నేను ఆపరేషన్ చేయాలి. మత్తు ఇచ్చేది హరనాథ్.

"ఒరేయ్, రేపటి కేస్‌కి నువ్వు రావద్దు. ఇంకొకరిని అరేంజ్ చేస్తాను."

మీద పడి అరుస్తాడనుకున్నాను. పళ్లెం పక్కకు జరిపాడు. "తెలిసిపోయిందా?"

శారద తల దించుకుంది.

"నీకెప్పటినుంచి తెలుసురా?" అని వాడినే అడిగాను.

"మార్చి నుంచి."

ఒళ్లు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. మార్చి నుంచి నా పేషెంట్లు వాడిని నమ్మి కళ్లు మూసుకుంటున్నారు. "నిజం చెప్పు. ఎవరి విషయంలోనైనా పొరపాటు చేశావా?"

చాలాసేపు ఆలోచించాడు. దాస్తున్నాడేమోనని కళ్లలోకి చూశాను.

"గుర్తులేదురా, ఆనందం" అన్నాడు.