పసుపు పూసిన సర్వే రాయి

బుల్లెట్ రైలు శుద్ధ దండగని కోవూరు టీకొట్లో నెల నుంచి వాదిస్తున్నాను.

"వేల కోట్లు పోసి, మద్రాసుకి గంట ముందర పోయి ఏం జేస్తాం? ఆ డబ్బుతో పంటకాలవలు బాగుచేస్తే పోలా?"

ఆ రైలు లైను సర్వే రాయి నా పొలంలో పాతి ఉంటే వేరే మాట. తమ్ముడి పొలంలో పాతారు. పరిహారమంతా వాడికే. పైగా మరదలు స్వర్ణ రోజూ ఆ రాయికి పసుపు పూసి, బొట్లు పెట్టి, కనకాంబరాల దండ వేస్తుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

నిన్న సర్వేకి కొత్తవాళ్లు వచ్చారు. పసుపు కింద నంబరు కనబడక, అదెవరో గ్రామదేవత అనుకున్నారు. దేవతను కదిలిస్తే ఊళ్లో గొడవని లైను పక్కకు జరిపి, నా చేలో రాయి పాతారు.

సాయంత్రం నా భార్య పసుపు గిన్నెతో మా చేను వైపు బయల్దేరింది.

"ఆ రాయి జోలికి పోయినావంటే చూడు," అన్నాను. "దేశానికి రైలు కావాల."